ముప్పై ఆరు స్పోకులు

మా పైడయ్య మేస్త్రీ అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆయన దగ్గర ఇరవై ఏళ్లు పని నేర్చుకున్నవాణ్ణి, నా మాట నమ్మండి. మాడుగుల బస్టాండు వెనక రేకుల షెడ్డులో మోటారుసైకిలు చక్రాలకు స్పోకులు కట్టడం ఆయన విద్య. ఏదైనా అడిగితే చేతికి ఒక పనిముట్టు ఇస్తాడు, అంతే. ఆ జవాబు మనకు అర్థమయ్యేసరికి చెయ్యి బొబ్బలెక్కి ఉంటుంది.

ఒక సోమవారం పొద్దున్న నర్సు వరహాలమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. ప్రతి బుధవారం టీకాల పెట్టె వెనక కట్టుకుని కొండమీది గూడేలకు ఒంటరిగా వెళ్తుంది. కిందటి బుధవారం ఘాట్ రోడ్డులో వెనక చక్రం స్పోకులు మూడు పటపటా తెగాయి. ఇంకో బండి దొరికేసరికి పెట్టెలో ఐసు నీరైపోయింది, మందు పనికిరాకుండా పోయింది. పైగూడెంలో పదకొండు మంది తల్లులు చంటిపిల్లలతో సాయంత్రందాకా ఎదురుచూసి వెళ్లిపోయారట.

"ఈ బుధవారం కూడా వాళ్లను నిలబెట్టేస్తే ఇంక ఈ జన్మకు నా మొహం చూడరు. చక్రం మీరు బాగుచెయ్యొద్దు గురువుగారూ, నాకు నేర్పండి. కొండమీద తెగితే మీరొస్తారేటి?" అంది.

మేస్త్రీ పాతవన్నీ విప్పించి, ముప్పై ఆరు కొత్త స్పోకులు ఆమె చేతే అల్లించాడు. స్పోకు చివర మర తిప్పే చిన్న కీ చేతికిచ్చి, "వాల్వు కన్నం దగ్గర మొదలెట్టు. ఒక్కోదానికీ పావు తిప్పు చాలు. చుట్టూ తిరిగి మళ్లీ కన్నం దగ్గరకే రా," అన్నాడు.

పావు తిప్పు ఆమె కంటికి ఆనలేదు. కొత్త శిష్యులందరికీ ఉండే జబ్బే అది, నాకూ ఉండేది. ఒక్కో స్పోకునీ పళ్లు బిగబట్టి, ఇంక తిరగదు అనేదాకా తిప్పి, ఆ తర్వాతే పక్కదానికి పోయింది. చక్రాన్ని స్టాండుకు ఎక్కించి తిప్పితే నూనెలో వేసిన అప్పడంలా వంకరలు పోయింది. ఎటు వంగితే దానికి ఎదురువైపు ఇంకా బిగించింది. అది ఇంకోచోట వంగింది. సోమవారం అలా గడిచిపోయింది.

మంగళవారం మధ్యాహ్నానికి వరహాలమ్మ కీ నేలకేసి కొట్టి అడిగేసింది.

"ఒక్కదాన్ని కూడా వదులుగా వదల్లేదే! గట్టిగా ఉండడం కూడా తప్పేనా గురువుగారూ? మనుషుల దగ్గరా ఇంతే నాకు. పైగూడెంలో ఆశా కార్యకర్త చిలకమ్మ ఆవేళ తల్లుల్ని ఇళ్లకు పంపేసింది. నేను వేరే మందు తెచ్చేదాకా ఎందుకు ఆపలేదని ఫోనులో కడిగిపారేశాను. అప్పట్నుంచి నా ఫోనెత్తడం లేదు. ఆవిడ పిలిస్తేగాని అక్కడ ఒక్క తల్లీ గడప దాటదు."

మేస్త్రీ నేలమీది కీ తీసి, తుడిచి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

"విప్పు."

"ఎన్ని?"

"అన్నీ."

అయ్యో అనిపించింది నాకు. ఒకటిన్నర రోజు కష్టం! తిట్టేసి పోతుందనుకున్నాను. పోలేదు. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చుంది. ముప్పై ఆరూ వదులు చేసింది. కన్నం దగ్గర మొదలు, పావు తిప్పు, మళ్లీ కన్నం. ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మేస్త్రీ రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకున్నాడు. చక్రం తిరుగుతుంటే వంగినచోట తెల్లగా గీత పడుతుంది. మొదట జానెడు గీత పడింది. అక్కడ ఒకవైపు స్పోకులు పావు బిగించి, రెండోవైపువి పావు వదలాలి. ఆ వదలడం దగ్గరే ఆమె చెయ్యి ఆగిపోయేది. ఆగి, ఊపిరి పీల్చుకుని, వదిలేది. గీత బెత్తెడైంది, వేలెడైంది. ఎండ దిగేవేళకు సుద్ద ఎక్కడా అంటలేదు.

మేస్త్రీ స్క్రూడ్రైవరుతో స్పోకుల్ని వరసగా తట్టాడు. బిగువు సమానమై అన్నీ ఇంచుమించు ఒకే గొంతుతో పలికాయి. వరహాలమ్మ కళ్లనిండా నీళ్లతో నవ్వింది. నేనూ సంతోషం పట్టలేక ముగ్గురికీ టీ చెప్పాను.

టీ రాకముందే ఆమె ఫోను తీసింది. మూడోసారికి చిలకమ్మ ఎత్తింది.

"చూడు చిలకమ్మా, రేపు ఎనిమిదింటికల్లా అందర్నీ..." గొంతు అప్పుడే పైకి లేచింది.

మేస్త్రీ తలెత్తలేదు. స్పోకు మీద ఒక్కసారి టింగుమని తట్టాడు. వరహాలమ్మ ఆగింది. గొంతు దించింది.

"ఆవేళ చీకటి పడకముందే పిల్లల్ని ఇళ్లకు చేర్చావు. మంచిపని చేశావమ్మా. అరిచింది నేను. తప్పు నాదే."

అటునుంచి సన్నగా, "రేపు ఏ టైముకొస్తారమ్మా?" అని వినబడింది.

వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది. ఫోను రెండో చెవికి మార్చుకుని, ఒకేసారి పది పనులు పురమాయించడానికి నోరు తెరిచింది.

"పావు తిప్పు చాలు, తల్లీ," అన్నాడు మేస్త్రీ.