పోలమ్మ ముందు సీటు

పంతొమ్మిది వందల తొంభై మూడు, చలి వెళ్ళిపోయి ఎండలు ఇంకా ముదరని ఫాల్గుణ మాసం. చీపురుపల్లికి అవతల రేగడివలస అనే ఊళ్ళో, బోని వారి ఇంట్లో జరిగిందీ సంగతి.

బోని వారికి తమ తెలివి మీద గట్టి నమ్మకం. ఆ తెలివి ఎలాంటిదంటే, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారు. ఒక ముక్క ఎక్కువ చెయ్యరు, ఒక ముక్క తక్కువ చెయ్యరు. ఊళ్ళో మిగతావాళ్ళంతా సొంత బుర్ర కలిపి పనులు పాడుచేసుకుంటారని పెద్దకొడుకు కన్నంనాయుడు అభిప్రాయం. తను మాత్రం బుర్రని ఎప్పుడూ వాడలేదు కాబట్టి అది అరుగూ తరుగూ లేకుండా కొత్తదానిలా ఉందని అతని గర్వం. పెళ్ళాం గవరమ్మ, పెళ్ళికాని తమ్ముడు సన్యాసి, డెబ్భై ఏళ్ళ తల్లి పోలమ్మ, ముగ్గురూ ఆ మాటకి తల ఊపేవారు.

పశువులశాల వెనక వాళ్ళ నాన్న కాలంనాటి పికప్ బండి ఒకటి పడుంది. పొడుగు ముక్కు, గుడ్లగూబ కళ్ళలాంటి లైట్లు. నాన్న బతికున్న రోజుల్లో దాంట్లో గోగునార మోపులు మిల్లుకి తోలేవాడు. ముందు సీట్లో నార షావుకారు కూర్చునేవాడు. పోలమ్మ పుట్టింటికి వెళ్ళాలన్నా వెనక మోపుల మీదే. పుట్టింటి వీధిలో దిగేసరికి జుట్టు ఏదో నార ఏదో తెలిసేది కాదు. వదినగారు ముందు ఆవిణ్ణి దులిపి, తరవాత పలకరించేది.

ఆ ఏడు పోలమ్మ పుట్టింటి ఊళ్ళో అమ్మవారి పండగ. పదేళ్ళకోసారి వచ్చే పండగ. ఈసారన్నా ముందు సీట్లో కూర్చుని వెళ్ళి, వదినగారి గుమ్మం ముందు దిగాలని ఆవిడ కోరిక. అదొక్కటే కోరిక. కొడుకులిద్దరూ మాటిచ్చారు. బండి బాగుచేసి, రంగు వేసి, ముందు సీట్లోనే తీసుకెళ్తామన్నారు.

చీపురుపల్లి నించి మెకానిక్ జిలానీ వచ్చి ఇంజిను చూశాడు. వారం తంటాలు పడి దాన్ని బతికించాడు. ఇక రేకు పని, రంగు పని ఇంట్లోనే చేసుకోండి, ఏది ఎలా చెయ్యాలో అడిగితే చెబుతానన్నాడు. కన్నంనాయుడికి అంతకంటే ఏం కావాలి? చెప్పేవాడు దొరికాడు. చెయ్యడానికి తాము ఉన్నారు.

ఊడేవన్నీ ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించమన్నాడు జిలానీ. అంతే, అన్నదమ్ములు స్పానర్లు పట్టుకుని దిగారు. మధ్యాహ్నానికి బండిలో ఊడేవన్నీ ఊడాయి. సన్యాసి చెయ్యి తుడుచుకోబోతే కన్నంనాయుడు ఆపాడు. ఊడేవన్నీ అన్నాడు గాని, బండివి మాత్రమే అన్నాడా? అనలేదు. ఇంకేముంది, బావి గిలక ఊడింది. గవరమ్మ కుట్టుమిషను ఊడింది. బీరువా పిడులు ఊడాయి. అన్నీ ఒకే గంగాళంలో పడ్డాయి. మళ్ళీ బిగించేటప్పుడు ఏది ఎక్కడ పడితే అక్కడ బిగించారు. బండి అద్దాలు దించే పిడి కుట్టుమిషనుకి చక్కగా సరిపోయింది. బండి తలుపుకి లోపలివైపు ఉండే పిడి బీరువాకి వెళ్ళింది. బీరువా పిడి బండికి పట్టలేదు. పోనీలే, కడిగాం కదా అనుకున్నారు.

తరవాత తుప్పు. తుప్పు చుక్క కూడా మిగలకుండా గరుకు కాగితంతో రుద్దమన్నాడు జిలానీ. రుద్దారు. బండి వెనక తొట్టి అడుగురేకు మీద తుప్పు బాగా ఉంది. రుద్దిన కొద్దీ కింద ఇంకా తుప్పే వచ్చింది. వీళ్ళూ వదల్లేదు. సాయంత్రానికి తుప్పు పూర్తిగా పోయింది. రేకు కూడా పోయింది. బండి కింద పడుకునే కోడిపెట్ట పైకి తల పెట్టి చూసింది. గవరమ్మ ముక్కున వేలేసుకుంది గాని, కన్నంనాయుడు చలించలేదు. తుప్పు మిగలకూడదన్నాడు, రేకు మిగలాలని అన్నాడా?

పండగ రేపనగా లప్పం ముద్దతో రేకు గుంటలు పూడ్చే పని, రంగు పని మిగిలాయి. కన్నంనాయుడు తెల్లారగట్లే సైకిలు మీద వెళ్ళి జిలానీని అడిగొచ్చాడు. మూడు మాటలు చెప్పాడాయన. సీటు పాడవకుండా ఏదన్నా కప్పాలి. లప్పం పెట్టి రుద్దితే, కళ్ళు మూసుకుని తడిమినా వేలికి ఏమీ తగలకూడదు. ఆ పైన ఎక్కడా వదలకుండా నీలం రంగు కొట్టి, ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కన్నంనాయుడు దారి పొడుగునా ఆ మూడూ వల్లె వేసుకుంటూ వచ్చాడు.

సీటుకి ఏం కప్పాలన్నది పెద్ద చర్చ. దుప్పటి కప్పుదామంటే దుప్పటి పాడవుతుందని గవరమ్మ. గోనె కప్పుదామంటే గోనెలో వడ్లున్నాయని సన్యాసి. కన్నంనాయుడు తల్లి వైపు చూశాడు. పోలమ్మ మంచి ఒళ్ళున్న మనిషి.

"అమ్మా, నువ్వెళ్ళి ముందు సీట్లో కూచో. నువ్వు కూచుంటే సీటన్నది కనపడదు" అన్నాడు.

పోలమ్మ మొహం వెలిగిపోయింది. పట్టుచీర కట్టుకుని, వదినగారికి పట్టుకెళ్ళే అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మరీ ఎక్కింది. గాలి ఆడాలని ఒకవైపు అద్దం జానెడు కిందికి నొక్కి, తలుపులు మూసేశారు.

లప్పం పని సన్యాసిది. కళ్ళు గట్టిగా మూసుకుని బండి చుట్టూ తడుముకుంటూ తిరిగాడు. తలుపు పిడి వేలికి తగిలింది. పీకేసి, ఆ బొక్కలో లప్పం పెట్టాడు. తలుపుకీ రేకుకీ మధ్య సందు తగిలింది. సందు పొడుగునా లప్పం కూరాడు. రెండో వైపూ అంతే. ఎండకి లప్పం రాయిలా బిగిసింది. రుద్దారు. మళ్ళీ తడిమారు. ఏమీ తగల్లేదు. బండి కోడిగుడ్డులా తయారైంది.

ఇక రంగు. ఎక్కడా వదలకూడదు కదా, చక్రాలకి కొట్టారు, లైట్లకి కొట్టారు, ముందు అద్దానికి కొట్టారు, పక్క అద్దాలకి కొట్టారు. లోపల పోలమ్మకి ఉన్నట్టుండి మసక కమ్మింది. పొద్దు గూకిందనుకుని, ముందు సీట్లో ఉంటే కాలం ఎంత వేగంగా పోతుందో అని ముచ్చటపడి, కునుకు తీసింది. బయట జానెడు సందు దగ్గర గవరమ్మ అవస్థ పడుతోంది. ఎంత కొట్టినా ఆ సందుకి రంగు అంటట్లేదు. కుంచె లోపలికి పోతోంది, వస్తోంది, సందు మాత్రం అలాగే ఉంది.

"ఖాళీకి రంగు పట్టట్లేదు, ఏటి చెయ్యను?" అంది మొగుడితో.

కన్నంనాయుడు వచ్చి చూశాడు. ఖాళీకి పట్టలేదు గాని తల్లి ఎడమ బుగ్గకి బాగానే పట్టింది. లోపలి భాగం కూడా వదల్లేదులే అని సంతోషించాడు.

సాయంత్రం పోలమ్మ లేచి, ఆకలేస్తోందంది. రంగు ఆరలేదు, ముట్టుకోకూడదు. వెదురు కర్రకి గరిటె కట్టి, దూరం నించే అంబలి అందించారు. తాగి, మూతి తుడుచుకుని, సందులోంచి బయటికి చూసింది.

"ఎక్కడిదాకా వచ్చేంరా?" అని అడిగింది. "ఈ ఊళ్ళో కూడా అచ్చం మన గేదెలాటి గేదే ఉంది."

ఇంకా బయల్దేరలేదని సన్యాసి చెప్పాడు. మోపుల మీద కంటే ఇది ఎంతో నయం, కుదుపన్నదే లేదు అంది పోలమ్మ.

తెల్లారింది. పండగ రోజు. సన్యాసి కొత్త చొక్కా వేసుకుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బండి దగ్గరికొచ్చాడు. ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ఎక్కడ ఎక్కాలో అంతుపట్టక అన్నని పిలిచాడు. కన్నంనాయుడు రంగు ఆరిందని చూసుకుని, కళ్ళు మూసుకుని బండంతా తడిమాడు.

"ఏమీ తగల్లేదురా, పని అద్దంలా కుదిరింది" అన్నాడు గర్వంగా. ఆ తరవాత అతనికీ సంగతి తెలిసొచ్చింది. బండి తోలేవాడు బయట, ఎక్కాల్సిన మనిషి లోపల, మధ్యలో తలుపన్నదే లేదు. మధ్యాహ్నానికి అమ్మవారి రథం కదులుతుంది. లోపల్నించి పోలమ్మ, వదిన ఎదురుచూస్తుందిరా, తియ్యండిరా బండి అని అడుగుతోంది.

కన్నంనాయుడు సైకిలెక్కి చీపురుపల్లి పోయాడు. జిలానీ ఒక బస్సు కింద పడుకుని పనిలో ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కన్నంనాయుడు ఆ కాళ్ళకే సంగతంతా చెప్పుకున్నాడు.

"లప్పం లప్పమంటావేంటయ్యా, ముసలమ్మ లోపలుంటే?" అన్నాడు జిలానీ బస్సు కిందనించి. "పోయి తలుపు పగలగొట్టు నాయుడూ, ముందు ఆ పని చెయ్యి."

అంతే. కన్నంనాయుడు సైకిలు తొక్కిన తొక్కుడికి చైను రెండుసార్లు ఊడింది. ఇంటికి రాగానే గొడ్డలి తెమ్మన్నాడు. తలుపు పగలగొట్టమన్నాడురా అన్నాడు. సన్యాసి గొడ్డలి తెచ్చి బండి దగ్గర నిలబడి, ఏదీ తలుపు అన్నాడు. ఇద్దరూ వెతికారు. ఈ వైపు నున్నగా ఉంది. ఆ వైపు నున్నగా ఉంది. లేని తలుపుని పగలగొట్టడం ఎవరి తరం? కన్నంనాయుడు గొడ్డలి భుజాన వేసుకుని చుట్టూ చూశాడు. ఎదురుగా ఇంటి సింహద్వారం. తాత టేకు దుంగ కొనుక్కొచ్చి, ఏడాది పాటు వడ్రంగిని ఇంట్లో పెట్టుకుని, చిలకలూ లతలూ చెక్కించిన తలుపు.

"మొత్తానికి మనింట్లో తలుపంటే ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

ఇంకేముంది, అన్న ఒక దెబ్బ, తమ్ముడు ఒక దెబ్బ. గట్టి టేకు, ఒక పట్టాన లొంగలేదు. గవరమ్మ మజ్జిగ అందించింది. పోలమ్మ జానెడు సందులోంచి చూస్తూ, ఇంకాస్త కింద కొట్టండిరా అని సాయం చెప్పింది. మధ్యాహ్నం దాటాక తలుపు నాలుగు చెక్కలైంది. అన్నదమ్ములు గొడ్డలి పక్కన పడేసి, పరుగెత్తుకెళ్ళి బండి ముందు నిలబడి, ఇక దిగమ్మా అన్నారు.

చీకటి పడ్డాక జిలానీ తనే వచ్చి, ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు కోసి, అద్దం ఊడదీసి, పోలమ్మని దింపాడు. ఆ ఏడు ఆవిడ అమ్మవారి పండగ చూడలేదు. తరవాతి పండగ పదేళ్ళకి వచ్చింది, అప్పటికి ఆవిడ లేదు.