హీట్‌సింక్ మీద విత్తనాల ట్రేలు

"వృథాగా పోయేదాన్ని వాడుకుంటే తప్పేముంది మేడం?"

త్రినాథ్ ఈ ప్రశ్న అడిగినప్పుడు భ్రమరాంబ గారు సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి అద్ది తుడుస్తున్నారు. ఆవిడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. కడియంలో తమ ఇంటి వరండాలోనే సాయంత్రాలు త్రినాథ్‌కీ మాకూ ఆ పని నేర్పేవారు. లెక్క తప్పితే అక్కడికక్కడే దిద్దేవారు. లెక్క సరిగ్గా ఉండి ఇంకేదో తేడాగా అనిపిస్తే మాత్రం ఏమీ అనేవారు కాదు. వెళ్ళి చూసేవారు.

త్రినాథ్ లెక్క సరిగ్గానే ఉంది. అతను మొబైల్ షాపులో పని చేస్తూనే ఇంటి వెనక కిటికీ లేని గదిలో ఎల్ఈడీ దీపాల కింద పూలనారు పెంచడం మొదలుపెట్టాడు. బాపిరాజు గారనే నర్సరీ యజమాని అతన్ని నమ్మి తన పెటూనియా పూల విత్తనాలు ఇచ్చారు. "నెలాఖరుకి వచ్చి చూస్తాను. నారు గట్టిగా ఉంటే ఈ సీజనంతా నీకే ఇస్తాను. సాగిపోయిందో, నా దారి నాది" అని చెప్పి మరీ ఇచ్చారు. ఆ విత్తనాలు ఇసుక రేణువుల్లా ఉంటాయి. మొలిచాక వెలుతురు తగ్గితే నారు నూలుపోగులా పొడుగు సాగి వాలిపోతుంది.

ఆరు దీపాలూ త్రినాథ్ స్వయంగా చేసుకున్నవే. ఒక్కో చిప్ యాభై వాట్లు తట్టుకుంటుంది. మేడం నలభై దగ్గరే ఆపమన్నారు. ఫ్యాను కూడా వద్దన్నారు. ఫ్యాను ఆగిన రోజున చిప్ మాడిపోతుంది కాబట్టి, దాని బదులు చిప్ వేడిని లాగి గాల్లోకి వదిలే హీట్‌సింక్‌ను, నిలువు రెక్కలున్న పెద్ద అల్యూమినియం దిమ్మను, పైన వేయించారు. వేడి డెబ్బై డిగ్రీలు దాటితే దీపాన్ని ఆపేసి, చల్లారాక మళ్ళీ వెలిగించే చిన్న స్విచ్ కూడా పెట్టించారు.

"నలభై వాట్లిస్తే పాతిక వేడికే పోతోంది మేడం. ఆరు దీపాలకి నూట యాభై. అంతా ఊరికే గాల్లో కలిసిపోతోంది" అన్నాడు త్రినాథ్ ఉత్సాహంగా. "అందుకే హీట్‌సింక్ రెక్కల మీద ఇనప రేకులు పరిచి, కొత్తగా విత్తనం చల్లిన ట్రేలు పెట్టాను. ఆ వెచ్చదనానికి రెండు రోజులు ముందే మొలిచాయి!"

మేమంతా భలే అన్నాం. రూపాయి ఖర్చు లేకుండా రెండు రోజులు మిగిలాయి మరి.

"దీపాల కింద ఉన్న నారు ఎలా ఉంది?" అని అడిగారు మేడం.

అతని మొహం కాస్త ముడుచుకుంది. "అదే, సాగుతోంది మేడం. నేను షాపులో ఉన్నప్పుడు మా అక్క దీపాలు ఆపేస్తున్నట్టుంది. అడిగితే నేను కాదంటుంది."

"రేపు మధ్యాహ్నం వస్తాను" అన్నారు మేడం.

మర్నాడు మేమూ వెంట వెళ్ళాం. త్రినాథ్ అక్క మంగతాయారు తలుపు తీసింది. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రిని మూడేళ్ళుగా చూసుకుంటున్నది ఆవిడే. చేతిలో నీళ్ళ స్ప్రేయరుంది.

"నాన్న పడుకున్నాక ఈ గంటన్నరా అక్క పెరటి మెట్ల మీద ఊరికే కూర్చునేది మేడం" అన్నాడు త్రినాథ్. "ఇప్పుడు ఆ టైములో ట్రేలకి నీళ్ళు కొట్టేస్తోంది. నాకు మనిషి కూలి కలిసొచ్చింది."

మంగతాయారు నవ్వింది. "వీడి కంటికి ఎక్కడా ఖాళీ కనపడకూడదండీ. గోడ మీద పిల్లి పడుకున్నా దానికో పని పురమాయిస్తాడు."

మేం గదిలోకి వెళ్ళాం. ఆరు దీపాలూ వెలుగుతున్నాయి. మొక్కలు మాత్రం మెడలు చాచినట్టున్నాయి. మేడం స్టూలు మీద కూర్చుని దీపాలకేసి చూస్తున్నారు. కాసేపటికి తలుపు దగ్గరి దీపం టప్పున ఆరిపోయింది. తర్వాత దాని పక్కది. స్విచ్ బోర్డు దగ్గర ఎవరూ లేరు. త్రినాథ్ అప్రయత్నంగా గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడిన అక్క చేతిలో స్ప్రేయర్ తప్ప ఇంకేమీ లేదు.

"నేను కాదురా" అంది ఆవిడ మెల్లగా.

మేడం థర్మామీటరు తీగను రెక్కల మధ్యకు దూర్చారు. డెబ్బై ఒకటి. తీగ అలాగే ఉంచి, పైనున్న ట్రేనీ రేకునూ రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టారు. అంకెలు దిగడం మొదలైంది. అరవై నాలుగు, యాభై ఎనిమిది, యాభై ఒకటి. దీపం మళ్ళీ వెలిగింది. వెలిగిన తర్వాత కూడా వేడి నలభై ఆరు దగ్గరే నిలిచింది.

"వేడి పైకి పోయే దారికి నేనే మూత పెట్టాను" అని గొణిగాడు త్రినాథ్. గబగబా మిగిలిన ట్రేలు దించడం మొదలుపెట్టాడు.

ఇంతలో లోపలి నుంచి తండ్రి పిలుపు వినిపించింది. మంగతాయారు వెళ్ళింది. ఏదో గిన్నె కింద పడిన చప్పుడు, ఆ వెంటనే ఓ కేక.

"ఎన్నిసార్లు నాన్నా! ఎన్నిసార్లని లేవను నేను!"

అది అప్పటిదాకా మాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి గొంతులా లేదు. తర్వాత ఆ పెద్దాయన ముద్దముద్దగా ఏదో అనడం, ఆవిడ ఏడుపు ఆపుకోవడం వినపడ్డాయి. "తప్పయిపోయింది నాన్నా. ఇదిగో, తాగు. కొంచెం తాగు."

ఆరో ట్రే చేతుల్లో పట్టుకుని త్రినాథ్ మేడం వైపు తిరిగాడు. "అక్క ఇంతవరకూ ఆయన మీద అరవలేదు మేడం."

"నీళ్ళు కొట్టే పని ఎప్పుడు అప్పజెప్పావు?"

"ఈ ట్రేలు పైన పెట్టిన రోజునే" అన్నాడు త్రినాథ్. ట్రే పట్టుకునే లోపలికి నడిచాడు.

"అక్కా, దీపాలు ఆపింది నువ్వు కాదు. నేనే."

"సర్లేరా. ముందు ఆ ట్రే కింద పెట్టు, మట్టంతా నాన్న పక్క మీద పోసేలా ఉన్నావు" అంది మంగతాయారు పైటతో మొహం తుడుచుకుంటూ.

మర్నాటి నుంచి త్రినాథ్ పొద్దున్నే లేచి, షాపుకి వెళ్ళేలోపు తానే నీళ్ళు కొట్టుకున్నాడు. కొత్త ట్రేల్లో విత్తనాలు నేల మీదే, రెండు రోజులు ఆలస్యంగా మొలిచాయి.

నెలాఖరుకి బాపిరాజు గారు వచ్చినప్పుడు మేడమూ మేమూ అక్కడే ఉన్నాం. ఆయన ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి కళ్ళజోడు దగ్గరగా పెట్టుకున్నారు. "అడుగున సాగిందయ్యా. పైన ఆకులు మాత్రం దగ్గర దగ్గరగా, గట్టిగా వస్తున్నాయి. మధ్యలో ఏం మందేశావేంటి?"

"ఏమీ వెయ్యలేదండీ. దీపాల మీద పెట్టినవి తీసేశానంతే."

ఆయనకు అర్థం కాలేదు. "ఏదైతేనేం, సగం పనికొస్తుంది. మిగతాది పారెయ్యి. మంగళవారం రెండో విడత విత్తనాలు పంపిస్తాను. ఈసారి నా మొహం చూసి పెంచు" అని మోటార్‌సైకిలెక్కారు.

త్రినాథ్ ఆ సంతోషంలో అక్క కోసం ఇల్లంతా వెతికాడు. తండ్రి నిద్రపోతున్నాడు. మంగతాయారు పెరటి మెట్టు మీద, జుట్టు విప్పుకుని, గడ్డం మోకాలి మీద ఆనించి కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. ఆవిడ దాన్నే చూస్తోంది.

అతను ఒక చేత్తో ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని బయల్దేరాడు. "పాపం, ఊరికే గచ్చు మీద కూర్చుంది మేడం. కుర్చీ వేసి, ఈ కాఫీ ఇచ్చి, ఫోన్లో పాటలు పెట్టొస్తాను."

భ్రమరాంబ గారు అతని మోచేయి పట్టుకుని ఆపారు.

"అక్కడ ఏమీ పెట్టకు" అన్నారు.