వేపపుల్ల మొన

1971 ఆగస్టు 14, శనివారం. ఆదోనిలో పొద్దుటి నుంచీ తుంపర. పత్తి తడుస్తుందని ఏడ్చేవాళ్లే గానీ, ఆ ఊళ్లో వానకు సంతోషించేవాళ్లు తక్కువ. సరే, అది వేరే సంగతి.

దస్తగిరి తాత అనే ఫకీరు తకియాలో, అంటే ఆయన మఠంలో, ఇమాం ఖాసిం అని ఒక శిష్యుడుండేవాడు. అమ్మానాన్నలు లేని పిల్లలు కొందరు వచ్చే గురువారం తకియాకు రావాలి. వాళ్లను తన చేతికే అప్పజెప్పాలని ఖాసిం పట్టు.

తాత సరేననలేదు, కాదనలేదు. అరుగు మీది గాజుతొట్టి చూపించాడు. ఒక మిల్లు మేనేజరు బదిలీ మీద పోతూ వదిలిపోయిన తొట్టి అది. మంచివాడు, ఎప్పుడూ ఈల వేస్తూ నడిచేవాడు. ఆ తొట్టిలో ఉన్న గప్పీ చేప గుడ్లు పెట్టే జాతి కాదు, పిల్లల్నే కంటుంది. ఆ పొద్దునే కన్నది. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు.

ఖాసిం వంగి చూసి కేక పెట్టాడు. తల్లి తన పిల్లను మింగుతోంది.

"యా అల్లా! ఇదేం తల్లి తాతా? రాక్షసి!"

"ఆకలి" అన్నాడు తాత. పళ్లు తోముకునే వేపపుల్ల విరిచి చేతికిచ్చాడు. "మిగిలినవాటిని నువ్వు సాకు. దీని మొనకు అంటినంతే తిండి."

ఖాసిం తల్లిని చెంబులో వేసి, "అందులో పడుండు" అని తిట్టాడు. పుల్ల చూస్తే నవ్వొచ్చింది. వచ్చినవాళ్లకు చాలు చాలనేదాకా వడ్డించే తకియా అది! కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన నలిపి, దువా చదివి, పిడికెడు చల్లాడు. తాతను చూడవచ్చినవాళ్లను కూడా పిలిచాడు.

"రా అక్కా, పసిబిడ్డలకు నీ చేత్తో ఇంత వెయ్యి. పుణ్యం."

వంట చేసే బీబమ్మ అంది, "ఒరేయ్, చేపలకా, పెండ్లివాళ్లకా?"

"దువా చదివిన తిండి చెరుపు చేస్తుందా చిన్నమ్మా?"

సోమవారం పొద్దునకు తొట్టి నీళ్లు గంజిలా ఉన్నాయి. కుళ్లు కంపు. పిల్లలన్నీ పైకి తేలి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

ఖాసిం వాటిని దోసిట్లోకి తీశాడు. "ఒక్క పూట కూడా పస్తుంచలేదే తాతా..."

తాత చెంబు తెచ్చి అతని ముందు పెట్టాడు. తల్లి చేప లోపల నింపాదిగా తిరుగుతోంది.

"ఇది కొన్నింటిని వదిలింది, నాయనా."



గురువారం వచ్చిన పిల్లలను తాత బీబమ్మకు అప్పజెప్పాడు. ఖాసిం తొట్టి కడిగి, పిల్లలు దాక్కునేలా నీటిగడ్డి తెచ్చి వేసి, తల్లిని మళ్లీ అందులో వదిలాడు. నెల తిరిగేసరికి తల్లి మళ్లీ కన్నది. ఈసారి ఎవరినీ పిలవలేదు. వేపపుల్ల వెతుక్కున్నాడు.

కొన్నేళ్లకు తాత పోయాడు. పోయేముందు చెప్పినట్టే కంబళి బీబమ్మకు. చేతికర్ర వాకిలి ఊడ్చే మస్తానుకు. తొట్టీ, అమ్మానాన్నలు లేని ఆ పిల్లలూ ఖాసింకు. కన్నకొడుకు బడేసాబుకు ఏమీ లేదు. ఊరంతా నోళ్లు నొక్కుకుంది.

బడేసాబు మాత్రం నవ్వాడు. "మా నాయన నాకెప్పుడూ పుల్ల మొనకు అంటినంతే పెట్టాడు. బతికే ఉన్నా కదా!"