గుల్లవలస గుర్తురాయి

జమీందారీ పోయి పంచాయతీ వచ్చిన కొత్తలో గుల్లవలస వాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. ఇన్నాళ్ళూ ఆలోచనలన్నీ జమీందారుగారే చేసేవారు గనక, తమ బుర్రలు వాడక కొత్తవాటిలాగే ఉన్నాయని ప్రెసిడెంటు గౌరన్న చెప్పుకునేవాడు. అతని భార్య ఎర్నమ్మ అవునని తలూపేది.

ఒకనాడు తాలూకా గుమాస్తా వచ్చాడు. జమీందారీ పోయిన గుర్తుగా ఊళ్ళో రాయి నిలబెట్టాలన్నాడు. శుక్రవారం కలెక్టరుగారు వస్తారనీ, రాయి లేకపోతే ఊరిని పక్కనున్న పెదవలసలో కలిపేస్తారనీ చెప్పాడు. పెదవలస వాళ్ళ కింద బతకడం కన్నా చావే నయం. అందుకని గౌరన్న ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు.

ముందు పునాదిరాయి వెయ్యమన్నాడు గుమాస్తా. అంతే, ఊరంతా కూడలిలో చేరి తలా ఒక రాయి వేశారు. రెండు ఆయనకే తగిలాయి. ఆయన బొప్పి తడుముకుంటూ సైకిలెక్కి, రాయి నాలుగు కాలాలపాటు నిలవాలన్నాడు. పైన ఊరి పేరు, కింద పెద్దల పేర్లు చెక్కించమన్నాడు. కలెక్టరుగారు వచ్చేదాకా ముసుగు తీయొద్దని మరీమరీ చెప్పాడు.

ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని గౌరన్న లెక్కపెట్టాడు. నాలుగోది ఎంతకీ తట్టలేదు.

"పోయేకాలం," అంది ఎర్నమ్మ.

అందరూ ఆమెను మెచ్చుకుని, పోయేకాలం దాకా కదలకుండా రాయిని లోతుగా పాతారు. దాని మీద పైన 'ఊరి పేరు' అనీ, కింద 'పెద్దల పేర్లు' అనీ ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కించారు.

ఇక ముసుగు. ఇంకేముంది, గొంగళ్ళూ దుప్పట్లూ తీసి ఊరు ఊరంతా ముసుగేసుకుంది. కళ్ళు కనబడక ఎర్నమ్మ రెండు రోజులు దున్నపోతుకి గంజి పోసి, మొగుడు వంక పెట్టకుండా తాగుతున్నాడని సంబరపడింది.

శుక్రవారం కలెక్టరు దిగేసరికి రాయి బోసిగా ఉంది, మనుషులు మూటల్లా ఉన్నారు. సంగతి తెలిశాక ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ ఊరిని ఇంకో ఊరితో కలిపితే ఆ ఊరు కూడా పాడవుతుందని, విడిగానే ఉంచుతూ సంతకం పెట్టాడు. జీపెక్కుతూ గౌరన్న భుజం తట్టాడు.

"నువ్వుండగా ఈ ఊరికి వేరే గుర్తెందుకయ్యా?"

అంతే. జీపు మలుపు తిరిగేలోగా రాయిని పెకలించి వాగులోకి దొర్లించారు. ఆ గోతిలో గౌరన్నని మోకాళ్ళ దాకా పాతి, చుట్టూ మట్టి తొక్కారు. ఎర్నమ్మ సున్నం బకెట్టు తెచ్చి నెత్తి మీంచి పూయడం మొదలెట్టింది.

"కళ్ళకాడ మెల్లగా ఎయ్యే," అన్నాడు గౌరన్న.

"రాయి మాటాడకూడదు. నోరు మూసుకో, రెండో పూత ఎయ్యాల," అంది ఎర్నమ్మ.