రేగమ్మ నమిలిన ఆకు

రాళ్లగుట్ట మీద ఒక మేకల మంద ఉండేది. ఆ మందకు తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. వాగు దాటేటప్పుడు చూడిమేకలూ పిల్లలూ నడుమ నడవాలి, కొమ్ములు తిరిగినవి చుట్టూ కాపు ఉండాలి. ఎవరు పెట్టారో గాని చల్లని ఆలోచన. అది ఎలా చెడిందో చెబుతాను. చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు, అయినా చెప్పాలి.

ఆ మందలో రేగమ్మ, ఈతమ్మ అని కవలలు. ఒకటి రేగుపొద కింద పుట్టింది, రెండోది కాసేపాగి ఈతపొద కింద పుట్టింది. రంగూ కొమ్ములూ నడకా, ఆఖరికి తుమ్మడం కూడా ఒకటే. వాటి తల్లి నాలుగో వానాకాలంలో కాళ్లు వణికి వణికి, పచ్చిక ముందున్నా తల వంచలేక చచ్చిపోయింది. అమ్మమ్మదీ అదే చావు. ఇప్పుడు కవలలకు నాలుగో వానాకాలం రాబోతోంది. పైగా ఈతమ్మ తొలిచూలు.

ఒక పొద్దున నక్క మోదుగాకుల కట్ట తెచ్చుకుని గుట్ట కింద కూచుంది.

"ఒక్క ఆకు నమిలి ఇవ్వండి చాలు! ముల్లు గుచ్చేది లేదు, నెత్తురు తీసేది లేదు. మీ ఒంట్లో ఏ జబ్బు పొంచి ఉందో నా ముక్కు చెబుతుంది!"

ఎముక ముక్క కూడా అడగకుండా సాయం చేసే నక్కను మీరెక్కడైనా చూశారా? రేగమ్మ అది ఆలోచించలేదు. నడుస్తూ నడుస్తూ ఆగి తన కాళ్లు తానే చూసుకునే రకం అది.

"ఈతా, మనమూ ఇద్దామే."

"నాకొద్దు అక్కా. తెలిస్తే మాత్రం మందుందా?"

"మందు లేకపోతేనేం, జబ్బు లేదని తెలిస్తే గుండె కుదుటపడుతుంది కదా."

"ఉందని తెలిస్తే?"

రేగమ్మ మళ్లీ తన కాళ్ల వంకే చూసుకుంది.

"కడుపులో ఇది తంతోంది. రేపు పడిపోతానని తెలిశాక దీన్ని ఏ మొహంతో నాకను? నన్నిలాగే ఉండనీ."

"సరే, నీకొద్దు. నాది నేనిచ్చుకుంటా."

"నీదీ నాదీ వేరా అక్కా?"

ఆ మాట దగ్గర రేగమ్మ ఆగాల్సింది. ఆగలేదు. తల్లి చావు కళ్లారా చూసినదాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. మర్నాడు చెల్లెలు మేతలో ఉండగా మెల్లగా గుట్ట దిగింది.

"మామా, నా ఆకులో చదివింది ఇంకెవరికీ చెప్పవు కదా?"

"పిచ్చిపిల్లా! నీ ఆకు, నీ సంగతి. నాకెందుకే?"

రేగమ్మ నమిలిచ్చిన ఆకును నక్క మూడుసార్లు వాసన చూసింది.

"మీ అమ్మ జాడ ఉంది."

"అయితే పడిపోతానా?"

"పడొచ్చు, పడకపోవచ్చు. ఈ జాడ ఉన్న నాలుగింటిలో రెండు పడతాయి, రెండు పడవు."

జబ్బు విషయంలో నక్క ఒక్క ముక్క అబద్ధమాడలేదు. అవసరం రాలేదు. అటునుంచి అటే మందకు పెద్దయిన గడ్డపు పోతు దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, మంద మేలు కోరి చెబుతున్నా. కవలలకు తల్లి జబ్బుంది."

"నువ్వు చదివింది రేగమ్మ ఆకేగా?"

"వాళ్లిద్దరి రక్తం ఒక్కటే. ఒకదానిది చదివితే రెండోదీ చదివినట్టే."

"పడతాయంటావా?"

"నేను ఉందన్నాను. ఆపైన పెద్దలు మీరు."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పొద్దు వాలేసరికి ఆ 'ఉంది' కాస్తా మందంతటా 'పడతాయట' అయి కూచుంది.

తొలివానలు పడ్డాయి. వాగు దాటే రోజొచ్చింది.

"ఈతమ్మా, నువ్వు వెనక నడువు," అంది పోతు.

"నేను నిండుచూలుతో ఉన్నా పెద్దయ్యా. నా చోటు నడుమ కదా?"

"నడుమ ఇరుకు. ఈ వానలు దాటనిదానికి చోటిస్తే, దాటేదానికి చోటు లేకుండా పోతుంది."

"దాటనని ఎవరన్నారు? నేను ఆకే నమల్లేదే!"

పోతు రేగమ్మ వంక చూసింది. ఈతమ్మా అటు తిరిగింది.

"అక్కా, నువ్వా?"

రేగమ్మ తల దించుకుంది. మందలో ఒక్కటీ నోరెత్తలేదు. ఎవరి చోటు వాళ్లకు కాస్త వెడల్పయింది మరి. తిలాపాపం తలా పిడికెడు.

కవలలు రెండూ చివరన నీళ్లలో దిగాయి. చెల్లెల్ని ముందు పెట్టి రేగమ్మ వెనక నడిచింది. రెల్లుపొదల్లోంచి తోడేలు దూకింది. "చివరన రెండుంటాయి, ఒకటి పరుగెత్తలేదు," అని దానికి చెప్పింది కూడా నక్కే. రేగమ్మ పొడిచింది, అరిచింది, ఒక కొమ్ము విరగ్గొట్టుకుంది. చుట్టూ కాపుండాల్సిన కొమ్ములన్నీ అప్పటికే అవతలి గట్టు ఎక్కేశాయి. ఈతమ్మ కాళ్లు వణకలేదు, కడుపు బరువుకు జారాయంతే. తోడేలు తినగా మిగిలింది నక్క తింది. మర్నాడు మోదుగాకుల కట్ట ఎత్తుకుని పక్క గుట్టకు పోయింది.

ఆ వానాకాలం గడిచింది. రేగమ్మ కాళ్లు వణకలేదు. ఐదో ఏడు వణకలేదు, ఆరో ఏడూ వణకలేదు. ఎనిమిదో ఏట, పళ్లూడిన ముసలి పోతు ఒకరోజు దాని పక్కకొచ్చి నిలబడింది.

"రేగమ్మా, నీకా జబ్బు రానేలేదే!"

"రాలేదు పెద్దయ్యా. నాకే రాలేదంటే, దానికీ వచ్చేది కాదేమో. దాని బిడ్డకు ఇప్పుడు బిడ్డలుండేవేమో."

ఆ రోజు పోతుకు మేత సయించలేదు.

నీతి: నీ రక్తం సంగతి అడిగే ముందు, ఆ జవాబు ఇంకెవరి చెవిన పడుతుందో, ఇంకెవరి మెడకు చుట్టుకుంటుందో అడుగు.