ఏ మెషీన్ ఆపాలి

రక్తనిధిలోని పాత సర్వర్ ముసలిదైపోయింది. అది ఆగితే ఏ గ్రూపు రక్తం ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పే దిక్కులేదు. అందుకని కిరీటి మూడు సర్వర్లు తెప్పించి, ఒక్కటిగా పనిచేసే క్లస్టర్‌గా కట్టాడు. ఒక్కో పనినీ కంటైనర్ అనే ఒక్కో విడి పెట్టెలో సర్ది మూడింటికీ పంచాడు. తెల్లారితే పాతదాన్ని తీసేసి దీన్ని మొదలుపెట్టాలి.

తనకు పని నేర్పిన మొహియుద్దీన్‌ను పిలిచి చూపించాడు. పిలిచింది సలహా కోసం కాదు, శెభాష్ అనిపించుకుందామని.

"ఇందులో ఏ మెషీన్ పోయినా మిగతా రెండూ పని అందుకుంటాయి, ఉస్తాద్."

"ఏది పోయినా?"

"ఏది పోయినా."

"అయితే ఒకటి ఆపు, చూద్దాం."

కిరీటి మూడోదాని వైరు పీకాడు. దాని మీది కంటైనర్లు కాసేపట్లో మిగతా రెండింటి మీద లేచాయి. తెర మీద రక్తం వివరాలు చెక్కుచెదరలేదు.

ఉస్తాద్ వైరు మళ్లీ పెట్టించాడు. "ఇంకోసారి."

కిరీటి మళ్లీ మూడోదాన్నే ఆపాడు. ఈసారీ అంతా సవ్యంగానే జరిగింది. మనవాడికి ఛాతీ పొంగింది.

ఉస్తాద్ జేబులోంచి రుమాలు తీసి శిష్యుడి కళ్లకు గంత కట్టాడు. భుజాలు పట్టుకుని గిర్రున తిప్పి, మెషీన్ల వరుస వెనక నిలబెట్టాడు.

"ఇప్పుడు ఆపు, బేటా."

కిరీటి చెయ్యి చాచాడు. వేళ్లకు వేడిగాలి తగిలింది. వైరు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆపవేం?"

"ఇది మొదటిది, ఉస్తాద్. ఇంత వేడి దీనికే ఉంటుంది."

"అయితే?"

కిరీటి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏ కంటైనర్ ఎక్కడ నడవాలో చెప్పేది ఇదొక్కటే. రక్తం వివరాలు దాచిన డిస్కు కూడా దీన్లోనే ఉంది. ముందు మొదలుపెట్టేద్దాం, ఇవి మిగతా రెండింట్లో తర్వాత పెట్టొచ్చులే అనుకున్నాను."

ఉస్తాద్ గంత విప్పి, రుమాలు మడిచి, అతని చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు.

కిరీటి రక్తనిధి పెద్ద డాక్టరమ్మకు ఫోన్ చేసి రేపు మొదలుపెట్టడం లేదన్నాడు. ఆవిడ చడామడా తిట్టింది. సిగ్గుతో చితికిపోయాడు గానీ మాట మార్చలేదు.

మొదటిదాంట్లో ఉన్నవన్నీ మిగతా రెండింట్లోనూ పెట్టాక మళ్లీ ఉస్తాద్‌ను పిలిచినప్పుడు, ఉతికిన రుమాలు గుమ్మంలోనే ఇచ్చాడు.

"మీరే వెళ్లి ఒకటి ఆపండి. నేనిక్కడే కూర్చుంటాను."

ఏది ఆపుతారని అడగలేదు.

ఉస్తాద్ కాసేపు అతని ముఖం చూశాడు. లోపలికి వెళ్లలేదు. రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"పాతదాన్ని తీసెయ్, బేటా."