గుంటలోంచి లేవని భద్రయ్య

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత అనగనగా కాదులే బంగారూ, డెబ్బై మూడో సంవత్సరం చలికాలంలో, భద్రయ్య అనే నేతగాడు ఉండేవాడు. వాళ్ళ వీధిలో ఒక ఆనవాయితీ. రథసప్తమికి భద్రావతమ్మవారికి కొత్త చీర వీధివాళ్ళే నేసి ఇవ్వాలి. ఏటా ఒక ఇంటి వంతు. చీర అందకపోతే ఆ ఇంటికి మళ్ళీ వంతే రాదు.

ఆ ఏడు వంతు భద్రయ్యది. తాత నేశాడు, నాన్న నేశాడు, నా దగ్గర తప్పిపోతుందేమోనని ఒకటే గుబులు.

తెల్లారగానే వీధిలో పడుగులు, అంటే చీర నిలువు నూలు, సాగదీసి, దానికి గంజి పట్టించే కుంచె పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి అందరూ నడుస్తారు. భద్రయ్య అది మానేశాడు. "నడిచే పొద్దులో జానెడు నేస్తాను" అని ఆ పని తమ్ముడికి అప్పగించి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. తిండి కూడా అక్కడే.

మొదట ఆకలి చచ్చింది. ఆ తర్వాత కంటిమీద కునుకు లేదు. అప్పుడు గుండె దడ, చేతుల వణుకు. నూలు తెగేది. అతికేవాడు. మళ్ళీ తెగేది. నాలుగు మూరలు నేసేసరికి గుడ్డనిండా ముడులే.

భార్య కోటమ్మ హడలిపోయి నర్సు దీనమ్మని పిలుచుకొచ్చింది. దీనమ్మ నాడి చూసింది.

"రోజంతా దిగులు పడతావు, ఒళ్ళు కదపవు. ఆ దిగులు ఎటు పోవాలయ్యా? గుండెకీ, కడుపుకీ, చేతులకీ ఎక్కింది. రేపటినుంచి కుంచె పట్టు."

"మరి చీరో?"

"ఈ చేతులతో నేసేది చీరా, దోమతెరా?"

కోటమ్మ కిసుక్కున నవ్వింది. భద్రయ్యకి ఒళ్ళు మండింది. అయినా మర్నాడు లేచాడు.

రెండుసార్లు నడిచేసరికే రొప్పు. వీధి పెద్ద చిట్టెయ్య అరుగుమీదనుంచి, "ఏరా భద్రా, అమ్మవారు ఈసారి పాత చీరతోనే సరిపెట్టుకోవాలా?" అన్నాడు. భద్రయ్య కుంచె ఇంకా గట్టిగా పట్టుకుని నడిచాడు.

మూడోనాడు మారు అన్నం అడిగాడు. వారానికి గురక పెట్టి నిద్రపోయాడు. రెండు వారాలకి చెయ్యి చాపి చూసుకున్నాడు. వేళ్ళు వణకలేదు.

అప్పుడు ముడుల గుడ్డ కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పొద్దున నడక, ఆ తర్వాత నేత. గంటకోసారి గుంటలోంచి లేచి వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాడు.

రథసప్తమి రానే వచ్చింది. చిట్టెయ్య కళ్ళజోడు పెట్టుకుని ముడి కోసం చీరంతా వెతికాడు. ఒక్కటీ లేదు.

"మీ నాన్న నేతలో రెండుండేవిరా!" అన్నాడు.

వీధంతా ఈలలే ఈలలు. డప్పుల ముందు భద్రయ్య చీర నెత్తిన పెట్టుకుని గుడిదాకా గబగబా నడిచాడు.

"ఆయాసం ఏదయ్యా?" అంది దీనమ్మ.

"గుంటలో వదిలేశానమ్మా!"

కథేమో కంచికి,
చీరేమో గుడికి,
నువ్వేమో నిద్దరకి,
ఆ నాలుగు మూరలేమో కోటమ్మ పొయ్యి దగ్గర మసిగుడ్డలకి.